కొన్న ప్రింటర్‌కి కొత్త షరతులు: కన్స్యూమర్ కమిషన్‌లో నా అనుభవం

హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్ దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపుంది. నేనూ మా ఆవిడా చూసుకుంటాం, జీతానికి ఎవరూ లేరు. ప్రాజెక్టు రికార్డుల సీజన్‌లో ఓ పొద్దున కలర్ ప్రింటర్ ఆన్ చేస్తే, రాత్రి దానంతటదే అప్‌డేట్ అయిందట, స్క్రీన్ మీద "మా నిబంధనలు మారాయి" అని వచ్చింది. అకౌంట్ తెరవాలి, ప్రింటర్ ఎప్పుడూ నెట్‌లో ఉండాలి, బయటి కార్ట్రిడ్జ్ పెడితే మిషన్ ఆపేస్తారు. కింద నీలం రంగులో "అంగీకరిస్తున్నాను", పక్కన కనీకనపడకుండా "తర్వాత". తర్వాత నొక్కితే మళ్లీ అదే పేజీ. కౌంటర్ ముందు పిల్లలు "అన్నా, రేపే సబ్మిషన్" అంటున్నారు. వాళ్లని పక్క షాపుకి పంపాను గానీ ఆ నీలం బటన్ మాత్రం నొక్కలేదు. డబ్బులు కట్టి కొన్న మిషన్‌కి ఇప్పుడొచ్చి కండిషన్లు పెట్టడమేంటని ఒళ్లు మండింది.

ముందు వీడియో తీశాను. సీరియల్ నంబరు స్టిక్కర్ నుంచి మొదలుపెట్టి, తర్వాత నొక్కడం, అదే పేజీ తిరిగి రావడం, ఒక్క కాగితం కూడా బయటికి రాకపోవడం, అంతా ఎక్కడా ఆపకుండా. అటక మీద అట్టపెట్టె ఉంటే దాన్నీ దించి అన్ని వైపులా ఫొటోలు తీశాను. అకౌంట్ తప్పనిసరి అని గానీ, మా కంపెనీ ఇంకు మాత్రమే వాడాలని గానీ దాని మీద ఎక్కడా లేదు.

కస్టమర్ కేర్ వాళ్లు "యాక్సెప్ట్ చేసేయండి సర్, అందరూ చేస్తున్నారు" అన్నారు. మెయిల్ పెట్టి, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. వాళ్లు కంపెనీకి పంపుతారు, కంపెనీ జవాబిస్తుంది, అంతకుమించి ఆర్డర్ వేసే అధికారం వాళ్లకి లేదు. "భద్రత కోసమే ఈ అప్‌డేట్ పంపాం" అని జవాబొచ్చింది. ఆపింది తామేనని రాతలో ఒప్పుకున్నారు కదా, ఆ కాగితం తర్వాత బాగా పనికొచ్చింది.

మా వాడకట్టులో ఒక వకీలు సాబ్ ఉన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన కాంట్రాక్టు అనేది ఉందట, మనకి నష్టం చేసే అసమంజస షరతు అందులోకే వస్తుందట, కానీ అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ కన్స్యూమర్ కమిషన్లకే ఇచ్చారట. "హైదరాబాద్ తిరుగుతావా, మిషన్ నడిస్తే చాలా?" అన్నారు. మిషనే అన్నాను. అందుకని జిల్లా కమిషన్‌లో ఆ షరతులు రద్దు చేయమని అడగలేదు. కొన్నప్పుడు చేసిన పని ఇప్పుడు చేయట్లేదు, ఇది అనుచిత వ్యాపార పద్ధతి, మునుపటిలా నడిచేలా చేయండి లేదా డబ్బు తిరిగివ్వండి, ఇంతే.

ముందు కంపెనీకి నోటీసు పంపాం. దానికి జవాబు రాకపోతే, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేశాను. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ఎక్కడున్నా మనముండే జిల్లాలోనే వేయొచ్చు, సమస్య వచ్చిన 2 ఏళ్లలోపు వేయాలి. వీడియో లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, జతచేశాం.

కంపెనీ వకీలు మొదటి మాటే "ఈయన వ్యాపారి, వినియోగదారుడు కాదు" అని. షాపులవాళ్లు చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు. బతుకుదెరువు కోసం, స్వయం ఉపాధికే కొని తనే వాడుకుంటే అది వాణిజ్యం కిందకి రాదని చట్టంలోనే వివరణ ఉంది. షాపు లైసెన్సు, జీతాల ఖర్చు లేని మా లెక్కలు చూపించాం. 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ వాయిదాలకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

చివరికి కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపితే రాజీ కుదిరింది. ఇంజనీర్ షాపుకొచ్చి పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు, అకౌంట్ లేకుండా నడుస్తుందని లెటర్ ఇచ్చారు, ఖర్చుల కింద కొంత ఇచ్చారు. ఆ సీజన్ బేరం పోయింది పోయినట్టే. షరతులు చెల్లుతాయా లేదా అన్నది ఎవరూ తేల్చలేదు, నా మిషన్ వరకు తీసేశారంతే.

పక్క షాపతను అదే మోడల్ కొన్నాడు, ఆ రోజే అంగీకరిస్తున్నాను నొక్కేశాడు. నొక్కాక కూడా కేసు వేయొచ్చా అని మొన్న అడిగితే వకీలు సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను. వేయొచ్చు, 2 ఏళ్లు ఇంకా దాటలేదు అన్నారు. అతని బిల్లు దొరికింది, అట్టపెట్టె మాత్రం పాత పేపర్లతో పాటు ఎప్పుడో అమ్మేశాడట, నా దగ్గరున్న ఫొటోలే ప్రింట్ తీసి ఇచ్చాను.