సెజాన్ యాపిల్స్ ముందు పిల్లలతో ఏం మాట్లాడాలి

ఫ్రెంచ్ చిత్రకారుడు పోల్ సెజాన్ 1893 ప్రాంతంలో వేసిన యాపిల్ బుట్ట బొమ్మ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఒక సీసా, ముడతలు పడ్డ గుడ్డ, యాపిల్స్, పళ్లెంలో పేర్చిన బిస్కట్లు, అంతే. విదేశంలో పెరుగుతున్న మన పిల్లలతో అలాంటి బొమ్మ ముందు నిలబడగానే మన నోట వచ్చే మొదటి మాట "దీని అర్థం ఏంటంటే". ఆ మాట ఆపుకోవాలి. జవాబు మనమే ముందు చెప్పేస్తుంటే, తెలుగులో బొమ్మ గురించి మాట్లాడడమంటే అమ్మానాన్నలు చెప్పేది వినడమేనని పిల్లలు అనుకుంటారు. నోరు విప్పరు.

టేబుల్ అంచుతో మొదలుపెట్టండి. పెద్ద ప్రింట్ తీసి, గుడ్డకు ఎడమవైపున్న టేబుల్ అంచు మీద స్కేలు పెట్టి కుడివైపు దాకా గీత లాగమనండి. కలవదు. "ఆయనకు గీయడం రాదా?" అని అడుగుతారు. వెంటనే సెజాన్‌ని వెనకేసుకురావద్దు. సీసా ఎంత ఒరిగిందో, బుట్ట ఎలా వంగి ఉందో చూడమనండి. తర్వాత బిస్కట్లు: కింది వరస పక్కనుంచి, పై వరస కాస్త పైనుంచి చూసినట్టు ఉంటాయి. "ఎక్కడ నిల్చుంటే ఇది ఇలా కనిపిస్తుంది?" అని ఒక్కో వస్తువుకూ అడిగితే, ఆయన ఒకే చోటి నుంచి చూసి వేయలేదని వాళ్లే పట్టుకుంటారు. సీసాని నిటారుగా మార్చి ట్రేసింగ్ పేపర్ మీద గీయిస్తే, ఆ ఒంపులు ఒకదాన్నొకటి ఎలా నిలబెడుతున్నాయో కూడా తెలుస్తుంది.

ఇంట్లో అయిదు యాపిల్స్ పెట్టి, టేబుల్ అంచు మధ్యభాగం కప్పేలా గుడ్డ వేయండి. ఎడమ సగం కూర్చుని, కుడి సగం నిలబడి గీయాలి, ఒక్కో సగానికి పావుగంట. ఫోన్‌లో ఫొటో తీసి చూస్తూ గీస్తే లాభం లేదు, కెమెరా ఒకే చోటు నుంచి చూస్తుంది. ఎర్రటి గుండ్రం గీసి యాపిల్ అనేస్తే అది గుర్తున్న పండు, ఎదురుగా ఉన్నది కాదు. ఎక్కడ పసుపు, ఎక్కడ నారింజ, నీడలో ఏ రంగు ఉందో చూసి, చిన్న చిన్న మచ్చలుగా పక్కపక్కనే వేయమనండి. తడి మీద రుద్దితే అంతా మురికి రంగవుతుంది.

మాట దొరక్క పిల్లలు ఇంగ్లిష్‌లోకి జారితే సరిదిద్దకండి. వేలితో చూపించనివ్వండి, మీరు తెలుగులో అందుకోండి. చివర్లో "రెండు సంస్కృతుల మధ్య నీ బతుకూ ఇంతే" అని ముక్తాయించాలనిపిస్తుంది. వద్దు, అక్కడితో చూడడం ఆగిపోతుంది. ఆ పోలిక వాళ్లే తెస్తే మాత్రం, బొమ్మలో ఎక్కడ చూసి అలా అనిపించిందో చూపించమనండి.