పొమ్మనలేక పెట్టిన పొగ కాదు

మా నాన్నగారి పదవీ విరమణ విందు నిన్న రాత్రి నల్లగొండలో మా ఇంటి డాబా మీద జరిగింది. నాలుగుసార్లు సబ్బు పెట్టి కడిగినా నా చేతులకు పట్టిన పొగ వాసన పోలేదు కనుక, అది పోకముందే జరిగినదంతా రాసిపెట్టాలని కూర్చున్నాను.

భోజనాల పని వంటవాళ్లకు అప్పగించి, రాగానే అతిథుల చేతికి అందించే చిరుతిండి మాత్రం నేనే చేస్తానని, కాల్చిన బ్రెడ్డు మీద పొగబెట్టిన చేపను పెట్టి ఇస్తానని ఇంట్లో అందరి ముందు గొప్పగా ప్రకటించాను. పడమటి దేశాల్లో దీనిని ఎక్కువగా సాల్మన్‌తో చేస్తారు. దానికి 30 డిగ్రీలు దాటని చల్లని పొగ పెడతారు కాబట్టి చేప ఉడకదు. జూన్ నెల ఎండలో, నల్లగొండలో, అలాంటి సాహసం చేస్తే అతిథులను నేరుగా ఆసుపత్రికి సాగనంపినట్టే అవుతుంది. స్కాట్లాండ్‌లోని ఆర్బ్రోత్‌లో హాడాక్ చేపలను తోకలకు తాడు కట్టి జంటలుగా వేలాడదీసి, కట్టెల వేడికీ పొగకూ కలిపి ఉడికిస్తారు. నాకు ఆ పద్ధతే సురక్షితంగా తోచింది.

చేపల దగ్గర ఇబ్బంది ఏమీ కలగలేదు. రవ్వ, బొచ్చె చవకగా దొరికినా వాటి కండలో సన్నని ముళ్లు ఎక్కువ కాబట్టి, నిలబడి తినే వంటకానికి అవి పనికిరావు. ముళ్లు తక్కువగా ఉండే కొర్రమట్టను, మన రాష్ట్ర చేపను, నాలుగు కిలోలు తీసుకున్నాను. మృగశిర కార్తె వచ్చిన వారం కావడంతో ధర మండిపోతున్నా బేరమాడలేదు.

నా పరువు తీసింది పొగ. విందుకు వారం ముందు ఒక కిలో చేపతో పరీక్ష చేసి చూద్దామని, మామిడి చెక్క ముక్కలు కావాలంటూ ఊళ్లోని ఒక కోత మిషన్‌కు వెళ్లాను. యజమాని తల ఎత్తకుండానే మిషన్ కింద పడిన పొట్టును సంచికి ఎత్తించాడు. ఇది మామిడిదేనా అని అడిగితే, "కట్టె కట్టెనే సార్, పొగ పొగనే" అన్నాడు. నేను ఆ మాట నమ్మాను. పాత గంజులో అడుగున రేకు పరిచి, పొట్టు పోసి, పైన జాలీ పెట్టి, ఉప్పునీటిలోంచి తీసిన ముక్కలను తడి ఆరకుండానే దాని మీద పరిచి, గాలి కూడా చొరబడకుండా మూత బిగించాను. అరగంట తరువాత మూత తీస్తే ముక్కలు బంగారు రంగుకు బదులు నల్లగా, జిగటగా ఉన్నాయి. పక్కింటివాళ్లు మంటలు అంటుకున్నాయనుకుని బిందెతో నీళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వాళ్ల ఎదుటే మా మేనత్త ఒక ముక్క నోట్లో పెట్టుకుని, వెంటనే కొంగులోకి ఉమ్మేసి, "ఏంరా ఇది, చుట్ట నమిలినట్టున్నది! పొమ్మనలేక పొగ పెడుతున్నవా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మళ్లీ వెళ్లి గట్టిగా నిలదీస్తే, ఆ పొట్టులో వేప ఉందని, పాత దర్వాజాల చెక్క కూడా ఉండవచ్చని అదే యజమాని తాపీగా ఒప్పుకున్నాడు. రంగు, పాలిష్ పూసిన చెక్క పొగను మా అత్తచేత తినిపించానన్నమాట. వండుకునే పొగ కోసం కోత మిషన్ల గడప తొక్కవద్దని అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్నాను. తప్పంతా అతనిదే అంటే మాత్రం అబద్ధమవుతుంది. తడి చేప మీద పొగలోని తారు పేరుకుంటుంది. బయటికి దారి లేని పొగ లోపలే తిరిగి చేదెక్కుతుంది. మూతకు పట్టిన చెమట నల్లని చుక్కలై ముక్కల మీదే పడుతుంది. ఈ మూడూ నేను చేసుకున్నవే.

రెండోసారి గుర్రంపోడు దగ్గర మా చిన్నమామ బత్తాయి తోటకు వెళ్లి, నిరుడు కత్తిరించి ఎండబెట్టిన కొమ్మలు తెచ్చి, బెరడు చెక్కి, బొటనవేలంత ముక్కలుగా నరికాను. లీటరు నీటికి 60 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల బెల్లం కలిపి, అందులో చేపను గంటసేపు ఉంచాను. తరువాత బట్టతో అద్ది, ఫ్రిజ్‌లో మూత లేకుండా మూడు గంటలు ఆరబెట్టాను. వేలు పెడితే కాస్త అంటుకునే సన్నని మెరుపు పొర పైన వచ్చిందంటే చేప పొగకు సిద్ధమైనట్టు. ఈసారి మూతకు బట్ట చుట్టి, ఒక పక్క వేలెడు సందు వదిలి, పొగ మొదలవగానే మంట తగ్గించాను. ముక్క మధ్యలో 63 డిగ్రీలు దాటేదాకా ఆగాను. చూడవలసింది గడియారాన్ని కాదు, ఆ వేడిని. అందుకోసం థర్మామీటర్ కొన్నందుకు మా ఆవిడ పెట్టిన చీవాట్లను ఇప్పుడు ఆమే మరిచిపోయింది.

విందుకు ముందురోజే నాలుగు కిలోలకూ పొగబెట్టి ఫ్రిజ్‌లో దాచాను. పైపూతకు గట్టి పెరుగు వాడదామనుకున్నాను గాని, చేపతో పెరుగు కలిపితే మా అమ్మ ఆ పళ్లేన్ని తాకనైనా తాకదు. మయొనైజ్ ఆలోచన మొదటే మానుకున్నాను. పచ్చి గుడ్డుతో చేసినదాన్ని మన ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించినప్పటి నుంచి దాని మీద నాకు నమ్మకం పోయింది. వెన్నలో నిమ్మరసం, మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలిపాను. ఇరవై బ్రెడ్డు ముక్కల అంచులు కోసి, ఒక్కొక్కదాన్ని నాలుగు చేసి, పెనం మీద కరకరలాడేలా కాల్చి, పూర్తిగా చల్లారనిచ్చాను. వేడి బ్రెడ్డు మీద పూత పెడితే ఆవిరికి మెత్తబడిపోతుంది.

నలభై మందికి ఎనభై ముక్కలు పావుగంటలో అయిపోయాయి. నాన్నగారి పాత అధికారి ఒకాయన ఇది ఏ హోటలు నుంచి తెప్పించారని అడిగితే, నాన్న నా వైపు చూపించారు. మా అత్త మొదట వాసన చూసి, తరువాత కొరికి, ఏమీ అనకుండా రెండోది తీసుకుంది.

పొగబెట్టిన చేప కొంచెం మిగిలితే మా అమ్మ ఈ ఉదయం దాన్ని చింతపండు పులుసులో వేసింది. నిజం చెప్పాలంటే బ్రెడ్డు మీదకన్నా ఆ పులుసులోనే బాగుంది. ఆ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.