గడువుకు ముందు నెల రోజులు

సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష, అంటే సీయూఈటీ పీజీ ఫారం నింపడానికి నాకు గంటన్నర కూడా పట్టలేదు. దానికి కావలసిన కాగితాలు చేతికి రావడానికే 2025 జనవరి నెల మొత్తం పోయింది. సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ చేయాలనుకునే మన దిక్కు పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. అప్పుడు నేను హనుమకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కోటలో కీర్తితోరణాల దగ్గర ఆడుకుంటూ పెరిగాను. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఇంటర్‌లో ఉన్నాను, పేపర్లో పడ్డ ప్రతి ముక్కా కత్తిరించి దాచుకున్నాను. ఎంఏ హిస్టరీ చదవాలని, అదీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే చదవాలని అప్పటినుంచే ఉంది. దానికి సీయూఈటీ పీజీ రాయాలి. 75 ప్రశ్నలు, 90 నిమిషాలు, 300 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. జనవరి 2న దరఖాస్తులు మొదలయ్యాయి, ఫిబ్రవరి 1 ఆఖరు అన్నారు. నెల రోజులుంది కదా అని ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

మర్నాడు సర్టిఫికెట్లన్నీ ముందు పరుచుకుంటే తెలిసింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. ఫారంలో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం ఉంటుంది. అందుకే స్పెల్లింగ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్లాను. ఆపరేటర్ టైప్ చేసింది తెరమీద ఒక్కో అక్షరం చదివి చూశాకే సరే అన్నాను. మధ్యలో సంక్రాంతి వచ్చింది. ఇంటిల్లిపాదీ ఐనవోలు జాతరకు పోయారు. నాకు మనసు ఒప్పక ఇంట్లోనే ఉండిపోయాను. పండగ దాటాక ఆధార్‌లో పేరు మారింది.

అసలు చిక్కు ఓబీసీ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. మేము బీసీలం. ఇంటర్‌లో, డిగ్రీలో చేరినప్పుడు ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం బీరువాలో ఉంది, అదే సరిపోతుందనుకున్నాను. యూనివర్సిటీలో చదువుతున్న సీనియర్ అక్కకు వాట్సాప్‌లో ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "ఇది రాష్ట్రానిది. సెంట్రల్‌కు ఇది నడవదు. క్రీమీ లేయర్‌లో లేరని రాసి ఉన్న సర్టిఫికెట్ వేరే ఉంటది. అది కూడా ఈ ఆర్థిక సంవత్సరంలో తీసిందే కావాలె" అంది. ఏడాదికి 8 లక్షల ఆదాయం లోపు కుటుంబాలకు ఇచ్చే పత్రం అది. ఇంకో మాట కూడా చెప్పింది: రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవట. ఆ రాత్రే కేంద్ర జాబితా తెరిచి వెతికాను. మా కులం పేరు కనిపించేదాకా నా గుండె దడ తగ్గలేదు.

మీసేవకు వెళ్తే మొదట మళ్లీ రాష్ట్ర పత్రానికే దరఖాస్తు పెట్టబోయారు. కౌంటర్ మీద వంగి తెరమీద చదివి, ఇది కాదన్నా, సెంట్రల్ ఓబీసీ అని పట్టుపట్టాను. అలా అడగడానికి అప్పుడు సిగ్గేసింది. అడగకపోతే ఇంకో వారం పోయేది. నేను దరఖాస్తు పెట్టిన మూడు రోజులకు, జనవరి 21 నుంచి 24 వరకు, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం గ్రామసభలు, వార్డు సభలు జరిగాయి. పత్రం ఇచ్చే తహసీల్దార్ ఆఫీసు సిబ్బంది అందరూ వాటిలోనే ఉన్నారు. ఆ నాలుగు రోజులూ స్టేటస్ కదల్లేదు. టెన్షన్‌తో చరిత్ర పుస్తకం తెరిచినా ఒక్క పేజీ తలకెక్కలేదు.

బాపు రోజూ సాయంత్రం ఒకటే అడిగేవాడు, "బిడ్డా, కాయిదం వచ్చిందా?" ఇంకా రాలేదు బాపు అంటే మగ్గం ఆపి నా వంక చూసేవాడు. 27న ఆయనే పని మానుకుని నాతో ఆఫీసుకు వచ్చాడు. ఒక రోజు మగ్గం ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. విచారణకు అడిగిన కాగితాలన్నీ ఆయనే ఒక్కొక్కటిగా తీసి ఇచ్చాడు. 29న సర్టిఫికెట్ వచ్చింది.

31న హనుమకొండలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. అక్కడి అన్న తొందరలో తన ఫోన్ నంబరు, తన మెయిల్ కొట్టబోయాడు. ఆపాను. ఓటీపీలు, అడ్మిట్ కార్డు కబురు అన్నీ వాటికే వస్తాయి. తర్వాత సవరణలకు అవకాశం ఇచ్చినా ఫోన్ నంబరు, మెయిల్ మాత్రం మార్చనివ్వరు. ఈ ఒక్క సంగతి దయచేసి గుర్తుంచుకోండి. ఫొటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, చెవులు కనిపించేలా ఉండాలి. ఓబీసీలకు రెండు పేపర్ల వరకు ఫీజు 1200 రూపాయలు. యూపీఐలో కట్టాక డబ్బులు కట్ అయ్యాయి, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ కట్టకుండా పావుగంట ఆగి లాగిన్ అయితే కన్ఫర్మేషన్ పేజీ వచ్చింది. మూడు ప్రింట్లు తీయించాను.

గడువు ఫిబ్రవరి 8 వరకు పొడిగించారని తర్వాత తెలిసింది. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయిది పరకాల దగ్గర పల్లె, సర్టిఫికెట్ రాలేదని ఆశ వదులుకుంది. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. 6వ తారీఖున ఆమెకు పత్రం వచ్చింది. ఇద్దరం కలిసి అదే నెట్ సెంటర్‌లో కూర్చుని ఆమె ఫారం నింపాం. ఈసారి అన్న ముందుగానే అడిగాడు, "చెల్లె, నంబర్ నీదే చెప్పు" అని.