జీపీ లేఅవుట్ ప్లాటుకి ఎల్ఆర్ఎస్, ఆ తర్వాత ఇంటి పర్మిషన్: నా అనుభవం

2011లో హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) అవతల ఒక వెంచర్‌లో 150 గజాల ప్లాటు కొన్నా, 27 బై 50, తూర్పు ఫేసింగ్. బ్రోచర్ మీద జీపీ అప్రూవ్డ్ (అంటే గ్రామ పంచాయతీ ఓకే చేసిందని) అని పెద్ద పెద్ద అక్షరాలు, సర్పంచ్ స్టాంపు, సెక్రటరీ సంతకం, ఇంకేం కావాలి అనుకున్నా. లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే పవర్ అసలు పంచాయతీకి లేదని, హెచ్ఎండీఏనో (హైదరాబాద్ చుట్టుపక్కల ప్లానింగ్ చూసే సంస్థ) డీటీసీపీనో (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) ఇస్తేనే లెక్క అని తెలిసేసరికి తొమ్మిదేళ్లు పోయినయ్.

2020 ఆగస్టు 26న ఇట్లాంటి ప్లాట్లకి రిజిస్ట్రేషన్లు ఆపేశారు. మా బామ్మర్ది అదే వెంచర్‌లో తన ప్లాటు అమ్మి పిల్ల పెళ్లి చేద్దామని బయానా కూడా తీసుకున్నాడు, పాపం ఆ డిసెంబర్ చివర్లో, ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాట్లకి మళ్లీ ఓకే అనేదాకా కొనే పార్టీకి మొహం చూపించలేకపోయాడు. ఆగస్టు 31న ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లని చార్జీ కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే స్కీము) జీఓ 131 వచ్చింది, మీసేవలో వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేశా. అందరం రెగ్యులరైజేషన్ చార్జీ ఎంతో అని భయపడ్డాం గానీ అసలు దెబ్బ అక్కడ లేదు, ఓపెన్ స్పేస్ చార్జీలో ఉంది. లేఅవుట్‌లో పార్కుకి 10 శాతం జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. మా వెంచర్‌లో పార్కు అని చూపించింది కూడా ప్లాట్లు చేసి అమ్మేశారు, సో తప్పదు. మొదటి జీఓలో 2020 నాటి విలువ మీద అన్నారు, జనం మొత్తుకుంటే సెప్టెంబర్‌లో జీఓ 135 ఇచ్చి రిజిస్ట్రేషన్ నాటి విలువకి మార్చారు. పాతప్పుడు కొన్నోళ్లని కాపాడింది ఆ ఒక్క మార్పే.

తర్వాత నాలుగున్నరేళ్లు ఏం లేదు. విషయం కోర్టుకెళ్లిందన్నారు, ఫ్రీ చేస్తారట అని ఎలక్షన్ వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు చెప్పేవాడు, నేను అప్లికేషన్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించి మర్చిపోయా.

2025లో మార్చి 31లోపు కడితే 25 శాతం రిబేట్ అన్నారు. పోర్టల్ తెరిచి చూస్తే 82 వేల చిల్లర! గుండె జారిపోయింది. రెండు రోజులు గవర్నమెంట్‌ని తిట్టుకున్నా, మూడోరోజు అప్లికేషన్ ప్రింటు తీసి చూస్తే తప్పు మనదే, మీసేవ పిల్లాడు రిజిస్ట్రేషన్ సంవత్సరం 2017 అని కొట్టాడు (ఆ ఏడు మా ఆవిడ పేరు మీదకి గిఫ్ట్ చేద్దామని తీయించిన ఈసీ, అంటే ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే సర్టిఫికెట్, కాపీ చూసి కొట్టినట్టున్నాడు), నేను చూడకుండా సంతకం పెట్టా. గజం 4,500 లెక్కన వేసింది సిస్టమ్, మా సేల్ డీడ్‌లో 2,000.

ఒరిజినల్ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్, కొత్త ఈసీ పట్టుకుని ఆఫీసుకి పోతే క్యూ మెట్ల దాకా ఉంది. మొదటిరోజు సార్ ఫీల్డ్‌కి పోయిండన్నారు, రెండోరోజు సర్వర్ లేదు, మూడోరోజు ఒక మేడమ్ ఓపికగా చూసి "డాక్యుమెంట్ మీద డేట్ ఇంత క్లియర్‌గా ఉంది కదండీ" అని సరిచేయించింది. కొత్త లెక్క ఇదీ: రెగ్యులరైజేషన్ చార్జీ, 125 చదరపు మీటర్లకి (మన 150 గజాలే) మీటరుకి 400, విలువ గజానికి 3,000 లోపు కాబట్టి అందులో 20 శాతమే, అంటే పది వేలు. ఓపెన్ స్పేస్ 42 వేలు. రిబేట్ పోగా 39 వేలు. ఆ రాత్రే కట్టేశా. గడువు తర్వాత పొడిగించారు గానీ నేను ఆగదల్చుకోలేదు.

ప్రొసీడింగ్స్ (ప్లాటు రెగ్యులరైజ్ అయిందనే ఆర్డర్) చేతికొచ్చాక ఇల్లు. 2020 నవంబర్ నుంచి ఆన్‌లైన్‌లో ఇంటి పర్మిషన్ ఇచ్చే టీఎస్-బీపాస్ చట్టం ఉంది కదా, 75 గజాల లోపు అయితే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, 600 గజాల దాకా 10 మీటర్ల ఎత్తులోపు అయితే సెల్ఫ్ డిక్లరేషన్‌తో అప్పటికప్పుడే అనుమతి. వినడానికి బానే ఉంటది. మా ఇంజనీర్ సైట్‌కొచ్చి టేప్ పెట్టగానే "అన్నా, రోడ్డు 25 అడుగులే ఉంది, 30 ఉండాలి, మీ వైపు రెండున్నర అడుగులు వదలాలి" అన్నాడు. బ్రోచర్‌లో 30 అడుగుల రోడ్డు! ఏడున్నర గజాలు అట్లా పోయినయ్. ఆ మీద ముందు మీటరున్నర సెట్‌బ్యాక్ (కట్టకుండా ఖాళీగా వదిలే జాగా), మిగతా మూడు వైపులా మీటరు, చివరికి ఇల్లు 20 బై 39కి వచ్చింది. మా మేస్త్రీ "సెట్‌బ్యాక్ ఎవడు వదులుతుండు సార్ ఈ గల్లీల" అని నవ్విండు గానీ డిక్లరేషన్‌లో అబద్ధం తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది, సంతకం పెట్టేది నేను, మేస్త్రీ కాదు.

సాయంత్రం ఫీజు కట్టాం, రాత్రి భోజనం అయ్యేలోపు పర్మిషన్ లెటర్ వచ్చింది, నిజంగానే. రెండు వారాలకి ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి రోడ్డు, హద్దు కడీలు కొలుచుకుని ఫోటోలు తీసుకుని పోయారు, చాయ్ కూడా తాగలేదు.

ఇప్పుడు ఫుటింగ్స్ అయినయ్, ప్లింత్ బీమ్ నడుస్తుంది. బామ్మర్ది ప్లాటు మాత్రం వెనక లైన్లో, కుంటకి 200 మీటర్లలోపు వస్తదని రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్ల వెరిఫికేషన్‌కి పంపారు. ఆదివారం మా సైట్‌కొచ్చి క్యూరింగ్ నీళ్లు కొడుతూ నిల్చుంటాడు, స్టేటస్ ఏమైంది అని నేను అడగను, ఆయన చెప్పడు.