లీజ్డ్ లైను పడిపోయిన రోజు మోడెం ఎవరికి ఫోన్ చేసింది?

2001లో నేను చూసుకుంటున్న నెట్‌వర్కులో గుంటూరు ప్రాంతీయ కార్యాలయానికీ మాచర్ల శాఖకూ మధ్య 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్ల) లీజ్డ్ లైను, అంటే అద్దెకు తీసుకున్న, ఎప్పుడూ కలిసే ఉండే లైను, ఒక్కటే దారి. గాలివానకు స్తంభం ఒరిగినా, రోడ్డు వెడల్పు చేసేవారి పలుగు తగిలినా ఆ దారి మూసుకుపోయేది. కౌంటరు ముందు నిలబడినవారికి "లింకు లేదండీ" అనే మాట ఎంత అలవాటైపోయిందంటే, వాళ్లు కారణం అడగడం కూడా మానేశారు. అందుకు విరుగుడుగా రౌటరు (నెట్‌వర్కుల మధ్య డేటాకు దారి చూపే పెట్టె) వెనుక ఉన్న ఆక్స్ అనే అదనపు పోర్టుకు ఒక మోడెమును (డేటాను టెలిఫోన్ లైను మీద పంపే పరికరాన్ని), దానికి ఒక మామూలు టెలిఫోన్ లైనును తగిలించి, లీజ్డ్ లైను పడిపోయినప్పుడు రౌటరే గుంటూరుకు ఫోన్ చేసేలా ఏర్పాటు చేయమని నాకు అప్పగించారు.

మొదట వేగం సంగతి చెప్పాలి. మోడెం పెట్టె మీద 56కే అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, రెండు కొసలా మామూలు టెలిఫోన్ లైనే ఉన్నప్పుడు 33.6 కేబీపీఎస్ దాటదు. 56 రావాలంటే ఒక కొస ఎక్స్ఛేంజికి డిజిటల్‌గా కలిసి ఉండాలి. మాకు చాలా రోజులు 28.8 దగ్గరే ఆగేది. అక్షరాలు మాత్రమే నడిచే టెర్మినల్ అప్లికేషనుకు అది చాలుతుంది గానీ, ఎవరైనా ఈమెయిలుకు ఒక ఫొటో జోడించి పంపితే కౌంటర్లన్నీ నిలిచిపోతాయి. ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ టెలిఫోన్ లైను దొరికే ఊళ్లలో ఈ బాధ ఉండేది కాదు. అందులో డేటా నడిచే బీ చానెళ్లు రెండు, ఒక్కోదానికి 64 చొప్పున కలిపి 128 కేబీపీఎస్ వచ్చేది, పైగా మోడెముల్లా అర నిమిషం పాటు గుర్రుమంటూ ఒకదాన్నొకటి పలకరించుకునే తతంగం లేకుండా ఒకటి రెండు సెకన్లలో కాల్ కలిసేది. మాచర్లలో మాకు అది దొరకలేదు.

సిస్కో రౌటర్లో ఇందుకు అన్నిటికంటే తేలికైన పద్ధతి బ్యాకప్ ఇంటర్‌ఫేస్, అంటే రౌటరుకు ఒక లైను కలిసే చోటుకు (ఇంటర్‌ఫేసుకు) మరొకదాన్ని బదులుగా ఉంచడం. అసలు లైను ఉన్నంతసేపూ డయలర్, అంటే ఫోన్ చేసే ఇంటర్‌ఫేసు, నిద్రలో ఉంటుంది, అది పడిపోగానే లేస్తుంది. ఎన్ని సెకన్లు ఆగి లేవాలో, అసలు లైను తిరిగి వచ్చాక ఎంతసేపటికి పడుకోవాలో కూడా మనమే చెప్పవచ్చు. నేను 10 సెకన్లు, 60 సెకన్లు పెట్టి, లీజ్డ్ లైనుకు వెళ్లే సీరియల్ కేబులు పీకి చూసి, మోడెం లేచి గుంటూరుకు కలవడం కళ్లారా చూసి సంతోషంగా బస్సెక్కాను.

మూడు వారాల తరువాత ఒక మధ్యాహ్నం లింకు పోయింది, మోడెం మాత్రం కదలలేదు. టెల్నెట్‌తో (నెట్‌వర్కు మీదుగా దూరం నుంచి) శాఖ రౌటరులోకి వెళ్లే దారి లేదు కాబట్టి, అక్కడి గుమాస్తాతో కన్సోల్ (రౌటరుకు నేరుగా కలిపిన తెర) తెరిపించి, తెర మీద ఉన్నది ఉన్నట్టు ఫోనులో చదవమన్నాను. ఆయన ఒక్కో అక్షరమే చదివి, "అప్ అనే ఉంది సార్, పక్కన లూప్డ్ అని ఏదో ఉంది" అన్నారు. అప్పుడు విషయం బోధపడింది. ఎక్స్ఛేంజిలో ఎవరో పరీక్ష కోసం లైనుకు లూపు (పంపినదాన్ని పంపినవారికే తిప్పే ఏర్పాటు) పెట్టి, తీయకుండానే భోజనానికి వెళ్లారు. అవతలి రౌటరు ఉందో లేదో చూడడానికి రౌటరు పది సెకన్లకోసారి పంపే కీప్‌అలైవ్ అనే చిన్న సందేశం ఆ లూపు దగ్గర తిరిగి దాని దగ్గరికే వస్తోంది. తన గొంతు తనకే వినిపిస్తుంటే అవతల మనిషి ఉన్నట్టు లెక్కవేసుకుని రౌటరు నిశ్చింతగా కూర్చుంది. లూపు పడినప్పుడు కూడా లైను పోయినట్టే భావించమని చెప్పడానికి 'డౌన్ వెన్ లూప్డ్' అనే ప్రత్యేకమైన కమాండ్ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ కమాండుతో పని జరిగేదే. అయినా ఇంటర్‌ఫేసు మాటను ఇక నమ్మకూడదని నిర్ణయించుకుని, రౌటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని దారులు తేల్చుకునే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతికి మారి, మోడెం దారికి 200 విలువతో (రూటును ఎంత నమ్మాలో చెప్పే అంకె ఇది) ఒక స్టాటిక్ రూటు, అంటే చేత్తో రాసిపెట్టిన దారి, వేశాను. ఓఎస్‌పీఎఫ్ విలువ 110, తక్కువ విలువ ఉన్న రూటుదే గెలుపు. కాబట్టి పొరుగు రౌటరు నుంచి 40 సెకన్ల పాటు పలకరింపు రాకపోతే ఓఎస్‌పీఎఫ్ రూటు తొలగిపోయి, అంతదాకా కిందపడి ఉన్న స్టాటిక్ రూటు పైకి తేలుతుంది. ఇందులో లూపు మాయ పనిచేయదు. ఈ పద్ధతే మంచిదని నేను ఇప్పటికీ అంటాను, అది నాకు తెచ్చిపెట్టిన టెలిఫోన్ బిల్లును మరిచిపోకుండానే.

తొందరలో నేను డయలర్ ఇంటర్‌ఫేసును కూడా ఓఎస్‌పీఎఫ్‌లో చేర్చాను. ఏ ట్రాఫిక్ కోసం ఫోన్ చేయాలో చెప్పే డయలర్ లిస్టులో ఐపీ అంతటినీ అనుమతించాను. ఓఎస్‌పీఎఫ్ పది సెకన్లకోసారి హలో చెబుతుంది. పని లేకపోతే కాల్ తెంచే గడువు మామూలుగా 120 సెకన్లు. ప్రతి హలోకూ ఆ గడువు మళ్లీ మొదటికి వస్తుంది. లీజ్డ్ లైను నిక్షేపంగా నడుస్తున్నా మోడెం మాచర్ల నుంచి గుంటూరుకు ఎస్టీడీ కాల్ పెట్టుకుని, చెప్పుకోవడానికి ఏమీ లేకపోయినా రాత్రింబవళ్లు హలో హలో అనుకుంటూ కూర్చుంది. అప్పట్లో బిల్లు రెండు నెలలకోసారి వచ్చేది కనుక సంగతి రెండు నెలల తరువాత, అదీ అకౌంట్స్ విభాగం ద్వారా నాకు చేరింది. డయలరును ఓఎస్‌పీఎఫ్‌లో పాసివ్ చేసి (హలోలు పంపకుండా ఆపి), డయలర్ లిస్టులో ఓఎస్‌పీఎఫ్‌నూ విండోస్ కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పెట్టే నెట్‌బయాస్ కేకలనూ మినహాయించి, కౌంటరు అప్లికేషను ట్రాఫిక్‌ను మాత్రమే ఉంచాను. ఆ లిస్టు కాల్ ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పటిదాకా ఉండాలో మాత్రమే తేలుస్తుంది, కాల్ కలిశాక మిగతా ట్రాఫిక్‌ను ఆపదు. దానికి వేరే ఫిల్టరు పెట్టాలి. ఇక్కడ పొరబడినవారిని నేను చాలామందిని చూశాను.

బిల్లు చూసి బెదిరిన శాఖ మేనేజరుగారు ఆ ఫోనుకు ఎస్టీడీ లాక్ వేయించారు. ఆయనను తప్పుపట్టలేను. అయితే ఆ సంగతి నాతో చెప్పకపోవడం వల్ల, తరువాతి లింకు పతనంలో మోడెం గంటసేపు వృథాగా తంటాలు పడింది.

ఇంకోసారి ఫోనులో అటెండరు కంగారుగా, "సార్, మోడెంలో ఎవరో ఆడమనిషి మాట్లాడుతోందండీ" అన్నాడు. స్పీకరు దగ్గరికి రిసీవరు పట్టమంటే నాకూ వినిపించింది. ల్యాండ్‌లైన్ నంబర్లన్నిటికీ ముందు 2 చేర్చిన రోజులవి. మా గుంటూరు నంబరు ఆరంకెల నుంచి ఏడంకెలైంది. కార్యాలయం బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద అందరూ మార్చుకున్నారు గానీ, రౌటరులో రాసిన నంబరు ఎవరికీ గుర్తులేదు, నాకు కూడా. నంబరు మారిందని ఆవిడ ఓపికగా చెబుతూనే ఉంది, మోడెం ప్రతిసారీ 'నో క్యారియర్' అని రాసుకుని మళ్లీ ఆవిడకే ఫోన్ చేస్తోంది.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి శనివారం, కౌంటర్లు మూశాక, సీరియల్ కేబులు పీకించి, కాల్ కలిసేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో, కేబులు తిరిగి పెట్టాక కాల్ నిజంగా తెగిందో లేదో ఒక రిజిస్టరులో రాయించేవాణ్ణి. ఏడాదిన్నర పాటు ఒక్క శనివారమూ తప్పలేదు.

ఆ తరువాత ఒక సోమవారం పొద్దున బజారులో డ్రైనేజీ కోసం జేసీబీ తవ్వింది. లీజ్డ్ లైను, టెలిఫోన్ లైను రెండూ ఎక్స్ఛేంజి నుంచి మా మెట్ల దాకా ఒకే కేబులులో రెండు జతల తీగలుగా వస్తున్నాయని గుంతలోకి తొంగిచూశాక తెలిసింది. ఆనాటి లావాదేవీలు మూడు ఫ్లాపీల్లో, అటెండరు జేబులో, సాయంత్రం ఆర్టీసీ బస్సులో గుంటూరు చేరాయి.