పౌనఃపున్యం: ఒకటే మాట, మూడు లెక్కలు

మొన్న మా అక్క కూతురు టెన్త్ మ్యాథ్స్ బుక్ పట్టుకొచ్చి "పిన్నీ, నైన్త్‌లో సౌండ్ పాఠంలో పౌనఃపున్యం చదివా, ఇప్పుడు సగటు లెక్కల్లోనూ అదే ఉంది, రెండూ ఒకటేనా?" అని అడిగింది, ఎంత మంచి డౌటో!

పునః పునః, అంటే మళ్ళీ మళ్ళీ, అందులోంచే ఈ మాట వచ్చింది. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది, పాత చోక్ ట్యూబ్‌లైట్ అయితే అటొకసారి ఇటొకసారి లెక్కన సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, మన కంటికి ఆనదు అంతే. ఇక్కడ టైమ్ ఉంది. లెక్కల్లో టైమ్‌తో పని లేదు, క్లాసులో 35 మార్కులు ఏడుగురికి వస్తే పౌనఃపున్యం 7, అయిపోయింది.

నాకు బాగా నచ్చేది జెనెటిక్స్‌లోది. సికిల్ సెల్ జీన్ తీసుకోండి, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు దీనివల్లే వస్తుంది, మన ఏజెన్సీ గిరిజనుల్లో చాలా కుటుంబాల్ని బాధపెట్టే జబ్బు. ప్రతి మనిషికీ ఆ జీన్ కాపీలు రెండు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, అంటే 100 మందికి 200. వాళ్ళలో 18 మందికి ఒక్కో చెడ్డ కాపీ, ఒకరికి రెండూ చెడ్డవే అనుకుందాం, మొత్తం 200లో 20 చెడ్డవి, అంటే చెడ్డ కాపీ పౌనఃపున్యం 0.1. జబ్బు కనిపించేది ఒక్కరిలోనే, ఆ 18 మంది మామూలుగానే తిరుగుతుంటారు, కానీ అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే బిడ్డకి రెండూ చెడ్డవే రావచ్చు, అందుకే పెళ్ళికి ముందే రక్త పరీక్ష చేయించుకోమని అంతగా చెప్తారు.

పిల్ల కాగితం మీద 18 గీతలు గీసి, పక్కన రెండు గీసి, మళ్ళీ లెక్కపెట్టుకుంది.