రెండు శ్రుతిలో మైల్స్ డేవిస్: ఇంట్లో జాజ్ వింటున్న చిట్టా

ఫిబ్రవరి

ఈ ఏడాది జాజ్‌లో పేరున్న పాత ఆల్బమ్‌లను నెలకు ఒకటి రెండు చొప్పున మాత్రమే వింటున్నాను. మొదట ఆల్బమ్ మొత్తం వినడం, తరువాత ఒక్కో వాద్యాన్నీ పట్టుకుని మళ్ళీ వినడం. ముందు బేస్ (మంద్రస్థాయిలో పలికే పెద్ద తీగల వాద్యం), ఆ తరువాత డ్రమ్స్, పియానో, చివరగా ట్రంపెట్, సాక్సఫోన్. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఈ వరుస బాగా నప్పుతోంది. జాజ్‌లో శ్రుతినీ తాళాన్నీ రెండింటినీ మోసేది బేసే. అది చెవికి చిక్కితే పైన సాక్సఫోన్ ఎంత దూరం వెళ్ళినా పాట ఎక్కడ ఉందో తెలుస్తూనే ఉంటుంది.

స్పీకర్లు, ఆంప్లిఫైయర్ కోఠి గుజరాతీ గల్లీలో పాతవే కొన్నాను. అక్కడికి వెళ్ళేవారు తమకు బాగా తెలిసిన సీడీ ఒకటి వెంట తీసుకెళ్ళాలి. వాల్యూమ్ మీటను నెమ్మదిగా తిప్పుతూ వినండి. గరగర వస్తే లోపల దుమ్ము చేరినట్టు. అది శుభ్రం చేస్తే పోయేదే. స్పీకరు కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు మాత్రం వేలితో తాకగానే పొడి రాలుతుంటే ఆ జత వద్దు, ధర ఎంత తగ్గించినా సరే.

మార్చి

గది కోసమే ఈ నెలంతా పట్టింది. మల్కాజిగిరిలో రెండో అంతస్తు, పాలరాతి నేల, ఉత్త గోడలు. చప్పట్లు కొడితే గది తిరిగి కొట్టేది. నేల మీద వరంగల్ జంపఖానా పరిచి, స్పీకర్లకు ఎదురుగా ఉన్న గోడకు పాత బొంత వేలాడదీశాక ఆ మోత చాలావరకు అణిగింది. స్పీకర్లను గోడ నుంచి మూరెడు ముందుకు జరిపాను. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి నా కుర్చీకీ అంతే దూరం. చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. ఇందులో డబ్బు ఖర్చయ్యేది దాదాపు ఏమీ లేదు. కొత్త ఆంప్లిఫైయర్ కొనాలని ఆలోచించేవారికి ముందు ఈ పని చేసి చూడమనే నా సలహా.

పరీక్షకు పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ త్రయం న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో 1961 జూన్ 25న చేసిన రికార్డింగులు వాడుతున్నాను. వెనక గ్లాసుల చప్పుడు, శ్రోతల మాటలు పియానోలో కలిసిపోకుండా విడిగా వినబడితే గది కుదిరినట్టే. ఆ రికార్డింగులో బేస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండో రోజున కారు ప్రమాదంలో మరణించాడు. వయసు 25. ఆయన బేస్ పియానోకు తోడుగా ఉండి ఊరుకోదు, దానికి సమంగా మాట్లాడుతుంది. అంతటి వాద్యకారుడికి దక్కిన కాలం అంతేనా అని ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

ఏప్రిల్

'కైండ్ ఆఫ్ బ్లూ'. మైల్స్ డేవిస్, 1959. మార్చి 2న ఒక విడత, ఏప్రిల్ 22న మరో విడత రికార్డు చేశారు. ట్రంపెట్ మైల్స్‌ది. సాక్సఫోన్లు జాన్ కోల్‌ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీలవి. బేస్ పాల్ చాంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. పియానో బిల్ ఎవాన్స్, ఒక్క 'ఫ్రెడీ ఫ్రీలోడర్'లో మాత్రం వింటన్ కెల్లీ. స్టీరియో ప్రతిలో కోల్‌ట్రేన్ ఎడమ వైపు, ఆడర్లీ కుడి వైపు వినిపిస్తారు కాబట్టి ఇద్దరు సాక్సఫోన్ వాద్యకారులను వేరుచేసి గుర్తుపట్టడం సులువు.

మొదటి పాట 'సో వాట్' వింటుండగా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది.

"ఇది ఖరహరప్రియ కదూ? మరి మధ్యలో శ్రుతి పెంచారేమిటి?"

రెండూ నిజమే. జాజ్ వాళ్ళు డోరియన్ అనే స్కేలు మెట్లు, మన ఖరహరప్రియ రాగం మెట్లు ఒకటే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పాట రెండు శ్రుతిలో (పాశ్చాత్యుల లెక్కలో D) మొదలై మధ్యలో రెండున్నరకు ఎక్కి, మళ్ళీ రెండుకు దిగుతుంది. ఆది తాళం వేసుకుంటూ వింటే లెక్క ఇంకా స్పష్టం, ఎనిమిది దెబ్బలు ఒక ఆవర్తనం. ఎనిమిది ఆవర్తనాలు రెండు శ్రుతి, నాలుగు ఆవర్తనాలు రెండున్నర, మరో నాలుగు రెండు. మొత్తం పదహారు. ఆ పదహారూ ఒక చుట్టు. బేస్, పియానో కలిసి పలికించే తొలి ఉపోద్ఘాతానికి తాళం లేదు, అది దాటాక చేయి కలపాలి. ఎవరి వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఈ లెక్కతో ఇప్పుడు నాకు తడబాటు లేకుండా తెలుస్తోంది. 'ఫ్రెడీ ఫ్రీలోడర్' పన్నెండు బార్ల బ్లూస్, బారుకు నాలుగు దెబ్బలు, కాబట్టి దాని చుట్టు ఆరు ఆవర్తనాలే.

అమ్మ అభ్యంతరం ఇంకా తీరలేదు. "మెట్లు ఉన్నాయి గానీ రాగం ఏదమ్మా? గాంధారం కదలదు, నిషాదం కదలదు" అంటుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, లేనిదే ఖరహరప్రియ లేదన్నది సరైన మాటే. కానీ మైల్స్ ఒక్కో స్వరాన్ని అలా నిశ్చలంగా నిలబెట్టి, తరువాతి స్వరానికి ముందు ఖాళీ వదలడంలో నాకు ఎంతో ఓర్పు, ఎంతో నమ్మకం కనిపిస్తాయి. దాని కోసమే మళ్ళీ మళ్ళీ వింటున్నాను.

మీ దగ్గరున్న ప్రతిని పరీక్షించే మార్గం ఒకటి ఉంది. మార్చి 2న రికార్డు చేసిన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది, ఆ టేపును మామూలు వేగంతో ఆడించినందువల్ల పాత ఎల్‌పీల్లో (వినైల్ రికార్డుల్లో) మొదటి వైపున్న మూడు పాటలూ అసలు శ్రుతికి కాస్త పైన పలుకుతాయి. 1992 నాటి పునర్ముద్రణలో దీన్ని సరిచేశారు. శ్రుతిపెట్టెను రెండు శ్రుతికి పెట్టి 'సో వాట్' వినండి. బేస్ శ్రుతిలో కలిసిపోతే సరిచేసిన ప్రతి. కాస్త పైకి గుచ్చుకుంటే పాతది.

మే

ఎండలకు ఫ్యాను ఆపలేం. ఫ్యాను చప్పుడులో ముందుగా మాయమయ్యేవి డ్రమ్స్ మీద బ్రష్ రాసే ధ్వని, తాళపు పళ్ళెం చివర మిగిలే గలగల. అందుకని వినడాన్ని తెల్లవారుజాముకు మార్చాను. ఐదు గంటలప్పుడు వీధిలో బళ్ళు తక్కువ, ఫ్యాను ఒకటో నంబరులో చాలు.

పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ ఆల్బమ్ 'టైమ్ అవుట్' కూడా 1959దే. పాల్ డెస్మండ్ రాసిన 'టేక్ ఫైవ్'కు ఐదు దెబ్బలు. మన ఐదు దెబ్బల తాళం ఖండచాపు అలవాటున్నవారు తక తకిట అని మొదలుపెడతారు, ఇక్కడ అది తిరగబడి తకిట తక. జో మోరెల్లో డ్రమ్స్ మీద ఒక్కడే వాయిస్తున్నంతసేపూ వెనక బ్రూబెక్ పియానో అదే ఐదును వదలకుండా వేస్తుంటుంది. చేతి తాళం నిలబడేది దాని ఆసరాతోనే. అదే ఆల్బమ్‌లోని 'బ్లూ రోండో' లయను బ్రూబెక్ ఇస్తాంబుల్ వీధి వాద్యకారుల దగ్గర విన్నాడు. తక తక తక తకిట మూడుసార్లు, నాలుగోసారి తకిట తకిట తకిట. ఇది నోటితో అంటూ వింటే తొమ్మిది దెబ్బలు భయపెట్టవు.

జులై

వానలు మొదలయ్యాక ఎల్‌పీలకు బూజు గండం. నిలువుగానే పేర్చాలి, బయటి గోడకు ఆనించకూడదు. డిస్టిల్డ్ వాటరు, మెత్తటి బట్టతో గాడుల వెంట గుండ్రంగా తుడిచి, నీడలో బాగా ఆరాకే లోపలి కవరులో పెడుతున్నాను. ఇంట్లో తాతల నాటి లక్క రికార్డులు ఉంటే వాటికి ఆల్కహాలు కలిసిన ద్రవం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.

హెడ్‌ఫోనుతో వినేవారికి ఒక మాట. తొలినాటి స్టీరియో రికార్డుల్లో కొన్నింట వాద్యాలన్నీ ఏదో ఒక చెవికే పరిమితమై ఉంటాయి. రెండు చెవులకూ ఒకే ధ్వని పంపే మోనో మీట ఉంటే నొక్కండి, చెవికి శ్రమ తగ్గుతుంది.

ఆగస్టు

కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'. 1964 డిసెంబరు 9న రికార్డు చేసి 1965లో విడుదల చేశారు. నాలుగు భాగాలు, సుమారు 33 నిమిషాలు. మధ్యలో ఆపకుండా వినాలి. మొదటి భాగంలో బేస్ పలికే నాలుగు స్వరాల పలుకును కోల్‌ట్రేన్ తరువాత శ్రుతి మార్చి శ్రుతి మార్చి వాయిస్తాడు, ఆపై అదే పలుకు గొంతుతో జపంలా వస్తుంది. చివరి భాగానికి ఆల్బమ్ అట్టలో అచ్చయిన కోల్‌ట్రేన్ ప్రార్థనా గీతాన్ని ముందు పెట్టుకోండి. సాక్సఫోన్ ఆ మాటలనే ఒక్కో అక్షరంగా పలుకుతుంది. మన నాటకాల్లో తాళం లేకుండా రాగయుక్తంగా పద్యం పాడటం విన్నవారికి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. అమ్మ ఈ భాగాన్ని మాత్రం ఏ అభ్యంతరం లేకుండా మొత్తం విన్నది. మరునాడు తనే మళ్ళీ పెట్టమంది.

వచ్చే నెలకు కోల్‌ట్రేన్‌దే 1961లో విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించిన 'ఇండియా'. అందులో ఇద్దరు బేస్ వాద్యకారులు ఉన్నారు, కాబట్టి బేస్ వంతుకే రెండు విడతలు కేటాయించాలి.